ఎల్లన్నకు ఇద్దరు కఫీళ్లు

ఎల్లన్న గురించి చెప్పమంటే ముందు నాకు కోపమే వస్తుంది. మంచివాడని అందరూ అంటారు. మంచివాడే, నేను కాదన్నానా? కానీ మనిషికి నోరంటూ ఉన్నాక అందులో నుంచి ఎప్పుడో ఒకసారైనా 'కాదు' అనే మాట రావాలి కదా! ఎల్లన్నకు అది రాదు. నల్లా కారుతోంది, వచ్చి చూడమంటే "అయితది తియ్యి" అంటాడు. అన్నం తింటుండగా లేపి అడిగినా "అయితది తియ్యి" అంటాడు. తన దుప్పటి ఒకడికి ఇచ్చి, తన చెప్పులు ఇంకొకడికి ఇచ్చి, ఏసీ గదిలో ముడుచుకుని పడుకుంటాడు. మొహమాటానికి పోతే ఏమవుతుందో మన పెద్దలు సామెత కట్టి మరీ చెప్పారు. నలుగురూ చదివేది కాబట్టి దాన్నిక్కడ రాయను.

నా పేరు బాబావలి. మాది ప్రొద్దుటూరు దగ్గర పల్లె. రియాద్‌లో, సులై గోదాముల వెనక ఉన్న మా క్యాంపు నుంచి పనివాళ్లను పొద్దున సైట్లకు చేర్చి సాయంత్రం వెనక్కి తెచ్చే బస్సు నాది. నాదంటే బస్సు కంపెనీది, దాన్ని ఆలస్యంగా ఎక్కేవాళ్లను తిట్టే తిట్లు నావి.

ఎల్లన్న జగిత్యాల వైపు మనిషి, పైపుల పని చేస్తాడు. మా కంపెనీ కాదు. ఆయన్ను తెచ్చుకున్న కంపెనీ మూతపడింది. దాని యజమాని, అంటే ఎల్లన్న కఫీల్, ఫోన్ ఎత్తడమే మానేశాడు. ఇక్కడ కఫీల్ పూనుకుని ఇఖామా కార్డు మళ్లీ చేయించకపోతే మనిషికి ఈ దేశంలో ఉండే హక్కు పోతుంది. ఆయనే ఎగ్జిట్ కొట్టించకపోతే పోయే దారీ ఉండదు. అలా అటూ ఇటూ కాకుండా ఇరుక్కుపోయినవాణ్ని మా క్యాంపు సూపర్‌వైజర్ ఒక మంచమిచ్చి ఉండనిచ్చాడు. జాలి పడి కాదు లెండి, క్యాంపులో బాత్రూములు అన్నీ కారుతున్నాయి.

గేటు దాటితే పోలీసులు పట్టుకుంటారని ఎల్లన్న భయం. రోడ్డు మీద అంబులెన్స్ కూత వేసినా వెళ్లి బాత్రూంలో గడియ పెట్టుకునేవాడు. ఆయన సౌదీకి వచ్చేటప్పుడు భార్య భాగ్యలక్ష్మి కడుపుతో ఉంది. పుట్టిన పిల్ల సృజన ఇప్పుడు బడికి పోతోంది. తండ్రిని ఫోన్లో తప్ప చూడలేదు. మాట్లాడటం అయిపోయాక ఆ పిల్ల ఫోన్ను మంచం మీద పెట్టి, దుప్పటి కప్పి, "సప్పుడు చెయ్యకుండ్రి, మా నాయన పండుకున్నడు" అంటుందట. ఇది ఎల్లన్న నాకు నవ్వుతూ చెప్పాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆయనకు కావలసింది ఒక్కటే, ఇంటికి పోవడం.

అట్లాంటి రోజుల్లో వాళ్ల జిల్లాలో ఎంపీ ఎన్నికలు వచ్చాయి. ఎన్నికలు అక్కడ, ఎండ ఇక్కడా అక్కడా, కాక మాత్రం మొత్తం మా రూములోనే! ఓటు వేయడానికి పోలేని వాళ్లు కదా, ఆ కసి అంతా మాటల్లో తీర్చుకునేవారు. అందరికంటే పెద్ద గొంతు నర్సింలుది. టైల్స్ మేస్త్రీ, ఎల్లన్న వైపు మనిషే. సాయంత్రం స్నానం చేసి లుంగీ కట్టుకుని కూర్చున్నాడంటే నియోజకవర్గం మొత్తం ఆయన నాలుక మీద ఉండేది.

పోటీ ఇద్దరి మధ్యే. ఉన్న ఎంపీకి నర్సింలు 'పైమంచం' అని పేరు పెట్టాడు. మా రూముల్లో ఇనుప మంచాలు ఒకదాని మీద ఒకటి ఉంటాయి. "పైమంచపోడు ఒక్కపారి ఎక్కిండంటే ఇగ దిగడు. కిందున్నోని మొకం మీద దుమ్ము రాలుతనే ఉంటది. మా ఎంపీ గదే" అనేవాడు. కొత్తగా నిలబడ్డాయన 'కిందిమంచం'. కిందిమంచం మీద వచ్చినవాడల్లా కూర్చుంటాడు, చాయ్ ఒలకబోస్తాడు. దాని మీద పడుకునేవాడు ఎప్పుడు పైమంచం ఖాళీ అవుతుందా అని పైకే చూస్తుంటాడు.

"పైమంచమాయన అయిదేండ్లల్ల మా ఊరికి రెండుపార్లు అచ్చిండు" అని నర్సింలు లెక్క చెప్పేవాడు. "ఒకపారి పెండ్లికి. ఇంకోపారి తొవ్వ తప్పి."

"మరి కిందిమంచం?" అనేవాణ్ని నేను.

"ఆయన ఎన్ని పార్టీలు మారిండంటే, ఆయన ఇంటికాడి కుక్కకు ఏ కండువకు మొరగాల్నో సమజైతలేదు."

నాకెందుకు ఇదంతా? నాది కడప జిల్లా. ఆ ఇద్దరి మొహాలు కూడా నాకు తెలియవు. కానీ ఒకే గదిలో ఉంటూ చెవులు మూసుకోవడం ఎట్లా?

నర్సింలు ఊరుకోకుండా వాళ్ల ఊరి వాట్సాప్ గ్రూపులో ఎల్లన్న కథంతా పెట్టాడు. అంతే! మరునాడే పైమంచం పీఏ ఫోన్ చేశాడు. ఎల్లన్న మంచం మీద నుంచి లేచి నిలబడి మాట్లాడాడు. పోలింగ్ లోపలే ఎల్లన్నను ఇంటికి తెస్తామనీ, అన్న ఢిల్లీలో మాట్లాడాడనీ, అన్నకు కృతజ్ఞతలు చెబుతూ ఒక వీడియో తీసి పంపాలనీ పీఏ మాట.

"అయితది తియ్యండి సార్" అన్నాడు ఎల్లన్న.

సాయంత్రానికి కిందిమంచం పీఏ చేశాడు. ఆయనదీ అదే మాట, అదే ఢిల్లీ, అదే వీడియో. ఎల్లన్నదీ అదే జవాబు.

"ఒక్క కఫీలుతోనే నీ బతుకు గిట్లయింది, ఇప్పుడు ఇద్దరు కఫీళ్లు!" అని నర్సింలు నెత్తి కొట్టుకున్నాడు. "ఇద్దరికి ఎట్ల ఒప్పుకుంటివే?"

"మరి అంత దూరం నుంచి ఫోన్ చేసి అడుగుతుండ్రు. కాదంటే బాగుంటదా?"

నాకు ఒళ్లు మండింది. "ఎల్లన్నా, వీళ్లను నమ్ముకోవద్దప్పా. మన ఎంబసీ ఊళ్లోనే ఉంది కదా, ఫోన్లో దరఖాస్తు కూడా ఎప్పుడో పెట్టాం. నేను ఒకరోజు డ్యూటీ మార్చుకుంటా, పోదాం రా" అన్నాను. ఆయన చూపు నేలకు దిగింది. ఎంబసీకి పోతే ఫైలు గడబిడ అవుతుంది, పోవద్దని పీఏలు ఇద్దరూ గట్టిగా చెప్పారట. గడబిడా లేదు, గాడిదగుడ్డూ లేదు. ఎంబసీ పంపిస్తే పేరు ఎంబసీకి పోతుందని వాళ్ల బాధ. ఎల్లన్న ఇద్దరికీ మాట ఇచ్చేశాడు, ఇక కదలడు.

వీడియో అంటే ఉత్త వీడియో కాదు, వెనక నాయకుడి ఫోటోతో ఫ్లెక్సీ ఉండాలన్నారు. సులై రోడ్డు మీద ప్రింటింగ్ షాపు నడిపే బంగ్లాదేశీ అతనికి పీఏలిద్దరూ ఫోటోలూ, అక్షరాలూ ఫోన్లోనే పంపారు. 'మా ఎల్లన్నను ఇంటికి చేర్చిన ఆపద్బాంధవుడికి వందనాలు' అని, కింద పేరు. చేర్చింది ఎప్పుడు, చేరింది ఎవరు? ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అంటే ఇదే. రెండు ఫ్లెక్సీల్లోనూ అదే ముక్క. పేరూ, ఫోటో తేడా.

ఫ్లెక్సీలు వచ్చేసరికి సూర్యుడు దిగిపోతున్నాడు. వెలుతురు పోకముందే తీయాలని తొందర. నా బస్సు పక్కకు మొదటి ఫ్లెక్సీ నేనే తాడుతో కట్టాను. ఎల్లన్న మధ్యలో, నర్సింలూ మిగతావాళ్లూ అటూ ఇటూ వరసగా, ఫ్లెక్సీకి వీపు పెట్టి నిలబడ్డారు. ఫోన్ పట్టుకుని తీసింది నేను. "జై" కొట్టించాను, ఎల్లన్న చేత దండం పెట్టించాను. తరవాత అది విప్పి రెండోది కట్టాను. అదే వరస, అదే ఎల్లన్న, అదే దండం, పేరు మాత్రం మార్చి జై కొట్టారు. అక్కడికక్కడే, ఎవరూ తిరిగి చూసుకోకుండానే, రెండూ పంపించేశాం.

జరిగిన ఘోరం ఏమిటంటే, ఆ బంగ్లాదేశీకి తెలుగు రాదు. పైమంచం పేరు కింద కిందిమంచం ఫోటో, కిందిమంచం పేరు కింద పైమంచం ఫోటో పెట్టి కొట్టేశాడు. అతన్ననడానికేముంది? ఇద్దరిదీ తెల్ల చొక్కానే, ఇద్దరిదీ అదే మీసం, ఇద్దరూ చేతులు జోడించే ఉన్నారు. ఆ మొహాలు తెలిసినవాళ్లంతా వాటికి వీపు పెట్టి నిలబడ్డారు. వాటికి ఎదురుగా నిలబడ్డ ఒకే ఒక్కడికి, అంటే నాకు, ఆ మొహాలు తెలియవు!

తెల్లారేసరికి రెండు వీడియోలూ నియోజకవర్గమంతా తిరిగాయి. జనం పడీ పడీ నవ్వారు. మొదట పైమంచం పీఏ చేశాడు. ఫోన్ స్పీకర్లో పెట్టకపోయినా రూమంతా వినిపించింది.

"ఏం రా, తమాషలు చేస్తున్నవా? మా అన్న పేరు మీద ఆ దొంగ మొకం పెడతవా? ఎంత తీసుకున్నవ్ ఆళ్ల దగ్గర? నువ్వు ఆళ్ల మనిషివేనా?"

ఇక్కడైనా కాదనాలా వద్దా? ఎల్లన్న గొంతు సవరించుకుని, "ఏమో సార్, మీ అంతటోళ్లు అంటున్నరంటే అయ్యే ఉంటది" అన్నాడు.

కిందిమంచం పీఏ కూడా అదే అడిగాడు, అదే జవాబు చెప్పించుకున్నాడు. ఆ తరవాత ఇద్దరి ఫోన్లూ ఎల్లన్న నంబరుకు మోగడం మానేశాయి. ఏరు దాటేదాకా ఓడ మల్లన్న అంటారు. వీళ్లకు ఏరు దాటేదాకా కూడా ఓపిక లేకపోయింది. ఎల్లన్న బాత్రూం గడప మీద కూర్చుని, పైపు బిగించే పానా చేతిలో తిప్పుతూ, "ఇగ నేను ఈడనే ఉంట గావచ్చు వలీ భాయ్" అన్నాడు.

ఆ మరునాడు నాకు భాగ్యలక్ష్మి ఫోన్ చేసింది. నా నంబరు నర్సింలు ఇచ్చాడట. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు.

"అన్నా, ఈ ఇద్దరు లీడర్ల మనుషులు దినాం మా ఇంటికచ్చి చాయ్ తాగి పోయిండ్రు. చాయ్ పత్త అయిపోయింది గని పని కాలే. నువ్వు బస్సు నడిపిస్తవట గదా. రోజు అందరిని యాడయాడనో దించుతవు. మా ఆయనను ఒక్కపారి ఆ ఎంబసీ కాడ దించరాదా?"

"దించుతా తల్లీ" అన్నాను. ఫోన్ పెట్టేసి ఎల్లన్న మీద అరిచాను. "లెయ్! చొక్కా తొడుక్కో! పెండ్లాం చెప్పింది, పీఏ చెప్పింది కాదు!"

పెషావర్ డ్రైవర్ ఒకతన్ని బతిమాలి నా ట్రిప్పు అతనికిచ్చి, నర్సింలు దోస్తు కారు అడిగి తీసుకుని బయలుదేరాం. పోలీసు బండి కనపడినప్పుడల్లా ఎల్లన్న సీటు కిందికి జారిపోయేవాడు. చొక్కా పట్టుకుని పైకి లాగుతూ, వాణ్నీ వీణ్నీ తిట్టుకుంటూ ఎంబసీకి చేర్చాను. అక్కడి ఆఫీసరు కంప్యూటర్లో చూసి, "మీ ఫైల్ ఎప్పుడో రెడీ అండీ, మనిషి రావాలని మెసేజ్ కూడా పెట్టాం. ఎవరు రావద్దన్నారు మిమ్మల్ని?" అని అడిగాడు.

"ఎవలు అనలే సార్, నేనే రాలె" అన్నాడు ఎల్లన్న. నేను పళ్లు కొరికాను.

అక్కడి నుంచి లేబర్ ఆఫీసుకు. అక్కడి సౌదీ ఉద్యోగి కాగితం చూసి "బుక్రా" అన్నాడు. రేపు రమ్మని. మరునాడు పోతే మళ్లీ బుక్రా. మూడోసారి కూడా అదే మాట అనేసరికి నా పిత్తం లేచింది. నాకు వచ్చిన అరబీ అంతా పోగేసి, "సరే, బుక్రా దాకా నేను ఇక్కడే కూర్చుంటా. మా ఊళ్లో నాయకులూ బుక్రా అంటారు, నువ్వూ బుక్రా అంటావు. ఈ మనిషి కూతురికి మాత్రం ఇవాళ కావాలి నాన్న" అని నిజంగానే ఆయన బల్ల ముందు కుర్చీలో కూర్చున్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, నవ్వి, ఇద్దరికీ గహ్వా పోయించాడు. ఆ చేదు కాఫీ ఎల్లన్న కాదనలేక వరసగా పోసినన్ని కప్పులూ తాగాడు.

కాగితం కదిలింది. చివర్లో ఆ ఉద్యోగికే జాలి పుట్టినట్టుంది, ఉర్దూలో ఎల్లన్ననే అడిగాడు. "మా బావమరిదికి ప్లంబర్ కావాలి. మంచి మనిషివి. కొత్త కఫీల్ కింద మార్చేస్తా, ఇఖామా కూడా వస్తుంది. ఉంటావా?"

నా ప్రాణం పైకే పోయింది. అడిగినవాడు మర్యాదగా అడిగాడు. గహ్వా పోసి మరీ అడిగాడు. ఎల్లన్న నోరు తెరిచాడు. 'అయితది' అనే మాట పెదవుల దాకా వచ్చిందని నేను ఒట్టు వేసి చెప్పగలను. తొడ గిల్లుదామని చెయ్యి చాపాను.

"లా!" అన్నాడు ఎల్లన్న. అరబీలో కాదని. గది మొత్తం వినపడేలా అన్నాడు. "లా! లా! ఘర్ జానా హై సాబ్. లా!" అంటూ రెండు చేతులూ ఊపాడు. కళ్లలోంచి నీళ్లు కారిపోతున్నాయి. ఆ ఉద్యోగి ఎగ్జిట్ కోసం వేలిముద్రల మిషన్ ముందుకు జరిపాడు. బయటికి వచ్చాక ఎల్లన్న భయపడుతూ, "సారుకు కోపమచ్చిందా భాయ్?" అని అడిగాడు. "రానీలే" అన్నాను.

టికెట్టు ఎంబసీవాళ్లే ఇచ్చారు. నర్సింలు నోరు కట్టేసుకుని ఉంటాడా? 'ఎల్లన్న వస్తున్నాడు' అని విమానం వివరాలతో సహా గ్రూపులో పెట్టాడు. ఇంకేముంది! అప్పటిదాకా ఎల్లన్న పేరెత్తితే మండిపడిన ఇద్దరు నాయకుల మనుషులూ దండలు పట్టుకుని శంషాబాద్ విమానాశ్రయంలో దిగారు. అది ప్రచారానికి ఆఖరి రోజు మరి. కూతురు చెయ్యి పట్టుకుని భాగ్యలక్ష్మి కూడా వచ్చింది గానీ, ఆ దండల గుంపును తోసుకుని ముందుకు రాలేకపోయింది.

ఎల్లన్న బయటికి రాగానే పీఏలిద్దరూ చెరొక చెయ్యి పట్టుకున్నారు. ఎవరో మైకు పెట్టి అడిగారు. "ఎల్లన్నా, నిన్ను ఇంటికి తెచ్చిందెవలో ప్రజలకు చెప్పు!"

రెండు వైపులా పీఏలు ఆయన నోటివంకే చూస్తున్నారట.

"బాబావలి" అన్నాడు ఎల్లన్న.

"బాబావలి ఎవలు? ఏ పార్టీ?"

"బస్సు డ్రైవర్."

మైకు పక్కకు పోయింది. దండలు కూడా పోయాయి. అప్పుడు దారి దొరికి భాగ్యలక్ష్మి దగ్గరికి వచ్చింది. సృజన ఒకసారి తల్లి చేతిలో ఉన్న ఫోన్ను చూసింది, ఒకసారి ఎల్లన్నను చూసింది. చూసి తల్లి వెనక దాక్కుంది. జీపు జగిత్యాల దాటేసరికి మాత్రం ఆయన ఒళ్లోనే నిద్రపోయిందట.

మరునాడు ఫోన్లలో రెండు పోస్టులు తిరిగాయి. అన్న చొరవతో ఇంటికి చేరిన గల్ఫ్ బిడ్డ అని ఒకటి, మా నాయకుడి కృషితో అని ఇంకొకటి. ఈసారి ఫోటోలు సరిగ్గానే పెట్టుకున్నారని నర్సింలు చెప్పాడు. నేను రెండు రోజులు అందరినీ తిడుతూనే బస్సు నడిపాను. ఆ తరవాత ఇద్దరిలో ఒకరు గెలిచారు. ఎవరని నన్ను అడగొద్దు, ఆ మొహాల తేడా నాకిప్పటికీ తెలియదు.

పోలింగ్ రోజు సంగతి చెప్పి ముగిస్తాను. ఊళ్లో లేడని ఎల్లన్న పేరు ఎప్పుడో తీసేశారట, ఓటు లేదన్నారు. ఆయన బడి గేటు దగ్గర పిల్లనెత్తుకుని నిలబడితే భాగ్యలక్ష్మి ఒక్కతే లోపలికి పోయింది. లోపల ఏం జరిగిందో ఎల్లన్న నాకు ఫోన్లో చెప్పబోయి, నవ్వు ఆపుకోలేక మళ్లీ మొదలుపెట్టి, మళ్లీ ఆగిపోయాడు. వినడానికి నేను బస్సు రోడ్డు పక్కకు తీసి ఆపుకోవలసి వచ్చింది. బస్సులో వెనక అందరూ అరుస్తున్నారు, నేను పట్టించుకోలేదు.

వేలికి సిరా పెట్టించుకుని భాగ్యలక్ష్మి ఓటు మిషన్ దగ్గరికి పోయిందట. వంగి పై నుంచి కింది దాకా చూసి, బటన్ నొక్కకుండా తల ఎత్తి, అక్కడ కూర్చున్న రెండు పార్టీల ఏజెంట్లకూ వినపడేలా ఆఫీసరును అడిగిందట.

"సారూ, ఇందుల బాబావలిది ఏ గుర్తు?"

"ఆ పేరుతో ఎవరూ నిలబడలేదమ్మా."

"గట్లనా? మా ఆయనను ఇంటికి తెచ్చింది ఆయననే. ఆయన లేకుంటే మరి వీళ్లంత ఎవలు సారూ?"